పెరట్లో ఎరువు: మాగటం వేరు, కుళ్ళటం వేరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎందుకు కలుసుకుంటామో అందరికీ తెలిసినదే. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోజు ఇది. ఆ తీర్పు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇప్పటికే చెప్పారు. కరువు భత్యం సంగతి కార్యదర్శి గారు చెప్పారు. ఇక నాకు మిగిలింది చెత్త. "భోజనాల ముందు చెత్త గురించి మాట్లాడిస్తారేమిటండీ?" అని కార్యదర్శి గారిని అడిగాను. "భోజనాలయ్యాక వినటానికి ఎవరూ ఉండరు కదండీ" అన్నారు. ఆ మాట నిజమే గనుక ఒప్పుకున్నాను.

నేను వ్యవసాయ శాస్త్రం చదివినవాణ్ణి కాను. ఖజానా శాఖలో గుమాస్తాగా చేరి, బిల్లులు చూసి, అభ్యంతరాలు రాసి, 2008లో 58 ఏళ్ళు నిండి బయటికి వచ్చినవాణ్ణి. పదిహేనేళ్ళుగా మా పెరట్లో ఎరువు కుప్ప వేస్తున్నాను. ఏది ఎప్పుడు వేశానో, ఎప్పుడు తీశానో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవటం ఉద్యోగం నేర్పిన అలవాటు. ఇప్పుడు చెప్పబోయేది చాలావరకు ఆ పుస్తకంలోదే.

ముందు ఈ విషయం ఇవాళే ఎందుకు చెప్పవలసి వచ్చిందో మనవి చేస్తాను. మన సంఘం భవనం వెనక ఒక బాదం చెట్టు, రెండు వేపచెట్లు ఉన్నాయి. సంక్రాంతి దాటగానే బాదం ఆకులు ఎర్రబడి రాలతాయి. ఉగాది ముందు వేపాకు రాలుతుంది. రెండు నెలలపాటు రోజూ ఉదయం ఊడ్చి, గోడ పక్కన పోగేసి నిప్పు పెడుతున్నాం. అదే వేళకు మనవాళ్ళు లోపల కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటారు. మనలో ఉబ్బసం ఉన్నవారు ఉన్నారు, గుండె ఆపరేషన్ చేయించుకున్నవారు ఉన్నారు. కిందటి ఫిబ్రవరిలో మన సభ్యులొకరు ఆ పొగకు ఊపిరాడక మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. ఆయన ఇప్పటికీ మన భవనానికి రావటం లేదు. పెన్షనర్ల సంఘం ఒక పెన్షనరును గుమ్మం తొక్కలేకుండా చేయటం నాకు బాధగా ఉంది.

చట్టం మాట కూడా చెప్పాలంటే, ఆరుబయట చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు జరిమానా అని 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వు ఇచ్చింది. అది ఎంతవరకు వసూలవుతున్నదో నేను చెప్పనక్కరలేదు. కానీ జన్మంతా ఉత్తర్వులు అమలు చేసి బతికినవాళ్ళం మనం. మనకు ఒకరు వచ్చి చెప్పేదాకా ఉండకూడదు.

ఇక అసలు విషయం. మన భాషలో మాగటం అని ఒక మాట, కుళ్ళటం అని ఒక మాట ఉన్నాయి. మామిడికాయను గడ్డిలో పెడితే మాగుతుంది. అదే కాయను తడిగా ప్లాస్టిక్ కవరులో మూటగట్టి మూల పడేస్తే కుళ్ళుతుంది. పెరట్లో ఎరువు సంగతీ దాదాపు అంతే. వంటింటి తొక్కల్లో తడి ఎక్కువ, గాలి ఆడదు. వాటినే కుప్పగా పోస్తే అడుగున గాలి లేక, గాలి అక్కరలేని సూక్ష్మజీవులు చేరి, కంపు పుడుతుంది. అవే తొక్కల మధ్య ఎండుటాకులు వేస్తే సందుల్లో గాలి నిలుస్తుంది, గాలి పీల్చే జీవులు పని చేస్తాయి, కుప్ప వేడెక్కి మాగుతుంది, మట్టి వాసన వస్తుంది. కుప్ప వేసి మానుకున్నవారిని అడిగి చూడండి. నూటికి తొంభై మంది ఎండుటాకు వేయనివారే అయి ఉంటారు. మనం తగలబెడుతున్నది సరిగ్గా ఆ ఎండుటాకునే!

శాస్త్రజ్ఞులు దీన్ని కార్బన్, నత్రజని లెక్కలో చెబుతారు. ముప్పై పాళ్ళ కార్బనుకు ఒక పాలు నత్రజని ఉంటే కుప్ప బాగా పనిచేస్తుందట. ఎండుటాకులో, కొబ్బరి పొట్టులో, కాగితంలో కార్బన్ ఎక్కువ. కూరగాయ తొక్కల్లో, పచ్చగడ్డిలో, పేడలో నత్రజని ఎక్కువ. ఈ లెక్క ఇంట్లో ఎవరూ వేయలేరు. మా ఇంట్లో వేసే లెక్క ఒక చిన్న గంప తొక్కలకు రెండు, మూడు గంపల ఎండుటాకు. తప్పినా ఆకు వైపే తప్పాలి. ఆకు ఎక్కువైతే ఆలస్యమవుతుంది, అంతే. తొక్క ఎక్కువైతే పక్కింటివారితో తగువు.

మొదలుపెట్టటానికి డబ్బు అక్కరలేదు. దుకాణాల్లో అమ్మే డబ్బాల ధర చూసి వెనక్కి తగ్గకండి. పెరట్లో వాననీరు నిలవని చోట, సగం నీడ ఉన్న చోట, పాత ఇటుకలతో సిమెంటు లేకుండా మూడడుగుల వెడల్పున, మూడడుగుల ఎత్తున గుండ్రంగా పేర్చండి. ఇటుకకీ ఇటుకకీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు వదలండి. మహారాష్ట్రలో నాడెప్ తొట్టె అని రైతులు కట్టుకునే పెద్ద తొట్టెకు ఇది చిన్న తమ్ముడు. ఇటుకలు లేనివారు వెదురు తడికను చుట్టి కట్టవచ్చు. అడుగున గచ్చు వద్దు, మట్టి నేలే ఉండాలి. వానపాములు వాటంతట అవే పైకి వస్తాయి. మన పేటల్లో పందికొక్కులు ఎక్కువ గనుక, ఇటుకలు పేర్చేముందు సన్న కన్నుల ఇనుప జాలీ ఒకటి పరవండి. ఖర్చు అనేది ఉంటే ఆ జాలీకే.

అడుగున జానెడు మందాన చిన్న చిన్న పుల్లలు, కొబ్బరి పీచు వేయాలి. దాని మీద ఎండుటాకు. తరువాత రోజూ వంటింట్లో వచ్చిన తొక్కలు, వాడిన కాఫీ పొడి, టీ పొడి, కోడిగుడ్డు పెంకులు. వేసిన ప్రతిసారీ పైన ఎండుటాకు కప్పాలి. తొక్క కంటికి కనపడకూడదు, ఇది మా ఇంట్లో శాసనం. రెండు వారాలకోసారి దోసెడు పచ్చిపేడ నీళ్ళలో కలిపి చల్లితే మంచిది. పేడ దొరకకపోతే పాత కుప్పలోని ఎరువు గుప్పెడు చాలు. అదీ లేకపోతే చెట్టు కింది మట్టి. పెరుగుకు తోడు వేసినట్లే.

అన్నం, పప్పు, కూర, చేప, మాంసం, పాలు మొదట్లో వేయకండి. ఎలుకలు వచ్చేది వాటికోసమే. నిమ్మ తొక్కలు, ఉల్లిపాయ తొక్కలు వేయకూడదని కొందరు అంటారు. కొద్దిగా అయితే ఏమీ కాదు. వేళ్ళతో పీకిన గరిక, తుంగ గడ్డలు మాత్రం పచ్చిగా వేయకండి. అవి కుప్పలో చావవు సరికదా, ఎరువుతో పాటు ప్రతి కుండీలోకీ బయలుదేరతాయి. బాగా ఎండబెట్టాక వేయవచ్చు. మామిడి ఆకు, పనస ఆకు మందం గనుక నలిపి వేస్తే త్వరగా మాగుతాయి. ఆకు దొరకని నెలల్లో పాత న్యూస్ పేపర్లు చింపి తడిపి వేయండి. మన ఇళ్ళలో అటకల మీద ఉన్న పాత జీవోల కాపీలు కూడా పనికొస్తాయి, పిన్నులు తీసి వేస్తే చాలు.

పూజ పూల సంగతి చాలామంది అడుగుతారు. నిర్మాల్యాన్ని కూరగాయ తొక్కలతో కలపటానికి మనసొప్పదు, తొక్కే చోట వేయటానికి ఇష్టపడరు. అందుకని ప్లాస్టిక్ కవరులో కట్టి వంతెన మీద నుంచి గోదావరిలోకి విసురుతారు. మా ఇంటావిడ దీనికి చక్కటి దారి కనిపెట్టింది. పూలకు వేరే మట్టికుండ పెట్టి, దారం, జరీ తీసివేసి, ఎండుటాకుతో కలిపి వేస్తుంది. ఆ ఎరువు తులసికోటకు, మందార చెట్టుకు తప్ప మరి దేనికీ ఇవ్వదు. నేనడిగినా ఇవ్వదు.

తడి ఎంత ఉండాలి అంటే, కుప్పలోంచి గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండుటాకు కలపండి, అసలు చెమ్మ తగలకపోతే నీళ్ళు చల్లండి. మే నెల ఎండల్లో రోజు విడిచి రోజు నీళ్ళు చల్లవలసిందే. వానాకాలంలో పైన పాత రేకు ముక్కో, తాటాకో కప్పండి. ఇనుప చువ్వ ఒకటి కుప్ప మధ్యకు గుచ్చి పది నిమిషాల తరువాత తీసి పట్టుకుంటే వెచ్చగా తగలాలి. పెద్ద కుప్పలు 55 నుంచి 65 డిగ్రీల వరకు వేడెక్కుతాయి. ఇంటి కుప్ప అంత వేడెక్కకపోవచ్చు. దానివల్ల నష్టమేమీ లేదు. కాకపోతే గింజలు చావక, ఎరువు వేసిన ప్రతిచోటా టమాటా, బొప్పాయి, గుమ్మడి మొలుస్తాయి. ఒక ఏడాది మా ఇంట్లో గుమ్మడి తీగ గోడ దాటి వెళ్ళి పక్కవారి కాయ అయింది.

పక్కవారి మాట వచ్చింది గనుక ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట మా వెనక ఇంటి చిన్నపిల్లవాడికి డెంగీ జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి, ఆ తల్లి ఆసుపత్రిలో వారం రోజులు నిద్ర లేకుండా గడిపింది. తిరిగి వచ్చాక మా గుమ్మంలో నిలబడి, "మీ చెత్తకుప్ప దోమల వల్లేనండీ మావాడికి ఇలా అయింది" అన్నది. ఏం చెప్పినా వినే స్థితిలో లేదు. నేనైనా ఆ స్థితిలో అంతే అనేవాణ్ణేమో. మర్నాడు మలేరియా సిబ్బందిని పిలిచి రెండిళ్ళూ చూపించాము. డెంగీ దోమ నిలవ ఉన్న మంచినీటిలో గుడ్లు పెడుతుంది. ఎరువు కుప్పలో చెమ్మే గాని నిలవనీరు ఉండదు గనుక అందులో ఒక్క పిల్లపురుగు కూడా దొరకలేదు. వారి ఫ్రిజ్ వెనక పళ్ళెంలో, మేడ మీద కుండీల కింది ప్లేట్లలో దొరికాయి. ఈ సంగతి నేను వీధిలో చెప్పలేదు, ఇప్పుడు పేరు చెప్పటమూ లేదు. కుప్పను మాత్రం వారి గోడ దగ్గర నుంచి తీసి మా బావి వైపుకు మార్చాను. పిల్లవాడు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. ఆమెకు ఇప్పటికీ మా కుప్ప అంటే ఇష్టం లేదు. అందుచేత మీరు కుప్ప పెట్టేముందు పక్కవారితో ఒక మాట చెప్పండి, వారి కిటికీకి దూరంగా పెట్టండి. కొబ్బరిబొండాలు, చిప్పలు, విరిగిన కుండలు కుప్ప చుట్టూ వెల్లకిలా పడి ఉండనీయకండి. వాటిలో వాననీరు నిలిస్తే నిజంగానే దోమలు పుడతాయి.

కుప్ప తెరిచి చూస్తే పురుగులు కనిపిస్తాయి. భయపడి మందులు చల్లవద్దు. బూడిద రంగులో, బల్లపరుపుగా, మెలికలు తిరుగుతూ ఉండేవి ఒక నల్ల ఈగ పిల్లలు. ఆ ఈగ మన అన్నం మీద వాలదు, ఆ పురుగులు చెత్తను త్వరగా తినిపెడతాయి. అవి మరీ ఎక్కువైతే తడి ఎక్కువైందని గుర్తు. కానీ బొటనవేలంత లావున, తెల్లగా, చంద్రవంకలా ముడుచుకుని, ఎర్రటి తలతో ఉండేవి కనిపిస్తే అవి చాలావరకు కొమ్ముపురుగు పిల్లలు. పెద్దవై ఎగిరిపోయి కొబ్బరి మొవ్వును తొలుస్తాయి. కోనసీమ, కడియం చుట్టుపక్కల ఉన్నవారు, పెరట్లో కొబ్బరిచెట్టు ఉన్నవారు కుప్ప తిరగేసినప్పుడల్లా వాటిని ఏరి చంపక తప్పదు. ఎక్కువగా ఉంటే వాటిని చంపే ఆకుపచ్చ బూజు మందు ఒకటి ఉన్నది, మెటారైజియం అంటారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగితే వివరం చెబుతారు.

ఇప్పుడు మన వయసుకు తగిన జాగ్రత్తలు. షుగరు ఉన్నవారు చెప్పుల్లేకుండా కుప్ప దగ్గరికి వెళ్ళకండి. కాలికి గాజుపెంకు గుచ్చుకున్నా తెలియని వాళ్ళం మనం. బూట్లు వేసుకోండి, చేతికి తొడుగులు వేసుకోండి, ధనుర్వాతం ఇంజక్షన్ ఎప్పుడు చేయించుకున్నదీ చూసుకోండి. కుప్ప తిరగేసేటప్పుడు బూజు దుమ్ము లేస్తుంది. ముక్కుకు మాస్కు కట్టుకోండి, ముందుగా కాసిని నీళ్ళు చల్లండి. ఉబ్బసం ఉన్నవారు, ఊపిరితిత్తుల జబ్బుకు మందులు వాడుతున్నవారు తిరగేసే పని అసలు చేయవద్దు, అబ్బాయిలకో మనుమలకో అప్పగించండి. ఎండుటాకు పోగులో చేయి పెట్టేముందు కర్రతో కదిలించండి. తేళ్ళు, జెర్రులు, ఒక్కొక్కప్పుడు పాము కూడా వెచ్చదనానికి చేరతాయి.

తిరగేయటం అంటే నడుము గుర్తొస్తుంది. నిజమే, అది కష్టమైన పని. మన దేశంలో దీనికి రెండు పద్ధతులు పుట్టాయి. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1924 నుంచి 1931 వరకు ఇండోరులో పనిచేసి, మన రైతులు చేసేది చూసి, చైనా రైతులు చేసేది తెలుసుకుని ఇండోరు పద్ధతిని తయారుచేశాడు. మన రైతును తన గురువని చెప్పుకున్న మనిషి. అందులో కుప్పను రెండు మూడుసార్లు తిరగేయాలి, మూడు నాలుగు నెలల్లో ఎరువు వస్తుంది. తరువాత 1939లో బెంగుళూరులో ఆచార్య అనే శాస్త్రజ్ఞుడు పురపాలక సంఘాల కోసం మరో పద్ధతి చెప్పాడు. గోతిలో పొరలు పొరలుగా వేసి, పైన బురదమట్టితో మెత్తి వదిలేయాలి. తిరగేసే పని లేదు. ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. దానిలో లోపల గాలి తక్కువే, కానీ మట్టి మెత్తటం వల్ల వాసన బయటికి రాదు. ఒంటరిగా ఉన్నవారికి, నడుము నొప్పి ఉన్నవారికి నేను ఈ రెండో పద్ధతే చెబుతాను. మనకు తొందరేముంది? నేను చేసేది మధ్యరకం. రెండు ఇటుక వలయాలు పెట్టుకుని, ఒకటి నిండగానే ఒక ఆదివారం మా అబ్బాయి చేత రెండోదానిలోకి మార్పిస్తాను. ఒక్కసారి తిరగేసినట్లవుతుంది, మొదటిది ఖాళీ అవుతుంది.

మా ఇద్దరికీ, పై వాటాలో ఉన్న అబ్బాయి కుటుంబానికీ కలిపి రోజుకు కిలోకు కాస్త తక్కువ తొక్కలు వస్తాయి. ఒక వలయం నిండటానికి నాలుగు నెలలు, మాగటానికి మరో మూడు నెలలు. చివరికి మూడో వంతుకు దిగుతుంది. ఇసుక జల్లెడలో జల్లిస్తే నాలుగైదు సిమెంటు సంచుల ఎరువు. నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాసనతో ఉంటే మాగినట్లు. ఇంకా తొక్క ఆనవాలు తెలుస్తూ ఉంటే మొక్కలకు వేయకండి, వేళ్ళు దెబ్బతింటాయి. జల్లెడ పైన మిగిలిన పుల్లలు కొత్త కుప్పలోకి పోతాయి.

దీనివల్ల అద్భుతాలు జరుగుతాయని చెప్పను. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని, మన ఎరువులో ఒక పాలు అటూ ఇటూ. దీని బలం వేరే చోట ఉంది. మట్టిని గుల్లగా చేస్తుంది, నీటిని పట్టి ఉంచుతుంది. మా కరివేపాకు చెట్టు కింద నేల పూర్వం ఎండాకాలంలో పలుగు దిగకుండా బిగిసేది. ఇప్పుడు వేలు దిగుతుంది. మల్లెపొదకు మే నెలలో రోజూ పోసే నీళ్ళు రోజు విడిచి రోజుకు తగ్గాయి.

అపార్టుమెంటులో ఉన్నవారికి కూడా మార్గం ఉంది. మూడు మట్టికుండలకు చుట్టూ చిన్న కన్నాలు పెట్టించి, బాల్కనీలో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, ఎండుటాకు బదులు కొబ్బరి పొట్టు వాడండి. కడియం నర్సరీల్లో కొబ్బరి పొట్టు దిమ్మలు దొరుకుతాయి. సూత్రం అదే. కుండల కింది పళ్ళెంలో మాత్రం నీరు నిలవనీయకండి.

ఇదంతా చేసి మున్సిపాలిటీ బండికి ఇస్తే సరిపోయే తొక్కలను ఎందుకు దాచటం అని మొన్న ఒక మిత్రుడు అడిగారు. బండి వారు తడి, పొడి వేరుగా తీసుకుని, వేరుగానే ఎరువు చేస్తే మంచిదే. ఆ మేరకు 2000లోనూ, 2016లోనూ కేంద్రం నియమాలు తెచ్చింది. సూర్యాపేట, బొబ్బిలి లాంటి చిన్న పట్టణాలు చేసి చూపించాయి కూడా. కానీ అన్నీ కలిసి డంపింగు యార్డుకు పోయిన చోట అదే తొక్క గాలి లేక కుళ్ళి, మీథేన్ పుట్టి, వేసవిలో అంటుకుంటుంది. ఆ పొగ పీల్చేవారికి మనలాగా పోయి కూర్చోవటానికి వేరే గది ఉండదు. వారి ఇళ్ళే అక్కడ.

అధ్యక్షా, నాదొక ప్రతిపాదన. ఈ జనవరి నుంచి భవనం వెనక ఆకు కాల్చటం ఆపి, గోడకు దూరంగా రెండు ఇటుక వలయాలు పేర్చుకోవటానికి కార్యవర్గం అనుమతి ఇవ్వాలి. ఇటుకలు మా ఇంటి నుంచి తెస్తాను. జాలీ ఖర్చు నేను పెట్టుకుంటాను, రసీదు కూడా అడగను. వారానికి ఇద్దరు చొప్పున చూసుకోవటానికి ఎనిమిది మంది కావాలి. కోశాధికారి గారి దగ్గర ఒక పుస్తకం పెట్టాను, ఇష్టమున్నవారు పేరు రాయండి. ఎక్కువగా రాలిన ఆకును బియ్యం సంచుల్లో నింపి వెనక వరండాలో పెడదాము. ఇళ్ళలో చెట్లు లేని సభ్యులు తీసుకుపోవచ్చు. శ్రావణమాసం నాటికి మొదటి ఎరువు వస్తుంది. దానిలో మొదటి సంచి పొగకు ఆసుపత్రి పాలైన మన మిత్రుడి ఇంటికి పంపాలని నా కోరిక. ఆయనకు గులాబీలంటే ప్రాణం.

బయట వరండాలో రెండు బకెట్లు పెట్టాను. ఒకదానిలో నెల కిందట వేసినది, ఇంకోదానిలో జల్లించిన ఎరువు ఉన్నాయి. భోజనానికి వెళ్ళేముందు రెండూ వాసన చూడండి. చేతులు కడుక్కోవటానికి కుళాయి పక్కనే ఉంది.